ఇంటి షెడ్డులో పుట్టిన బైకుకు బరి ఎక్కడ?

మార్పులు చేసిన సైలెన్సర్లను నడిరోడ్డుపై వరుసగా పేర్చి, వాటి మీదుగా రోడ్డు రోలరును నడిపించడం దేశంలోని అనేక నగరాల పోలీసులకు ఇటీవలి సంవత్సరాల్లో పరిపాటిగా మారింది. విశాఖపట్నంతో సహా తెలుగు నగరాలూ ఆ దృశ్యాన్ని చూశాయి. చెవులు చిల్లులు పడే మోత నుంచి, అర్ధరాత్రి పందేల నుంచి పౌరులకు ఉపశమనం కలిగించవలసిన బాధ్యత పోలీసులదే కనుక ఆ చర్యను తప్పుపట్టేవారు తక్కువ. రోలరు కింద నలిగే సరుకులో అధిక భాగం బజారులో కొన్న చవక గొట్టాలే అన్నది కూడా నిజం. అయితే ఆ గొట్టం బిగించిన బైకుల్లో కొన్నింటి వెనుక నెలల తరబడి సాగిన పని ఉంటుంది. కార్బ్యురేటరు మార్చి, సిలిండరు రంధ్రాలను ఆకురాయితో అరగదీసి, పళ్ల చక్రాల నిష్పత్తిని లెక్కగట్టి కట్టుకున్న యంత్రాలవి. వాటిని కట్టినవారికి చట్టబద్ధంగా చూపగలిగిన పోటీ స్థలం ఏదన్న ప్రశ్నకు మాత్రం సమాధానం అంత సులువుగా దొరకదు.

భారత్ ప్రపంచంలోనే అతిపెద్ద ద్విచక్ర వాహన విపణి. సిలిండరుకు బోరు వేయించడం, హెడ్డు చెక్కించడం, విరిగిన ఛాసిస్‌కు అతుకు వేయడం ఇక్కడ ఏ మండల కేంద్రంలోనైనా జరిగే పనులు. లేత్ మిషన్, వెల్డింగ్ షాపు, పాత విడిభాగాల దుకాణం చాలా ఊళ్లలో ఒకే వీధిలో ఉంటాయి. ఇంతటి పనితనం ఉన్న చోట సొంత చేతులతో కట్టిన మోటార్‌సైకిల్‌పై ఔత్సాహికులు పోటీపడే సంప్రదాయం బలంగా ఉండవలసింది. అది అమెరికాలో ఉంది, బ్రిటన్‌లో ఉంది. అక్కడ దానికి దొరికిన నెలవు షార్ట్ ట్రాక్.

400 మీటర్ల మట్టి వలయం

షార్ట్ ట్రాక్ అనేది ఫ్లాట్ ట్రాక్ పోటీల్లో ఒక రకం. కోడిగుడ్డు ఆకారంలో చదునుగా చేసిన మట్టి వలయం చుట్టూ అపసవ్య దిశలో బైకులు పరుగెడతాయి. ఈ పోటీల్లో ఒక మైలు, అర మైలు వలయాలూ ఉన్నా, షార్ట్ ట్రాక్ చుట్టుకొలత సాధారణంగా పావు మైలుకు, అంటే 400 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పాఠశాలల, కళాశాలల మైదానాల్లో పరుగు పందేలకు సున్నంతో గీసే వలయం కొలతా అంతే. మలుపులన్నీ ఎడమకే కనుక, ఎడమ బూటు అడుగున ఉక్కు తొడుగు కట్టుకుని, ఆ కాలిని నేలపై జారుస్తూ, వెనుక చక్రం పక్కకు జారుతుండగా రైడరు మలుపు తిరుగుతాడు. ముందు బ్రేకు ఉండదు. వేగాన్ని తగ్గించే పని వెనుక బ్రేకుది, పక్కకు జారే చక్రానిది.

ఇంట్లో బైకు కట్టుకునేవారికి ఈ క్రీడ అనుకూలించడానికి కారణం దాని భౌతిక స్వభావంలోనే ఉంది. తారు ట్రాక్‌పై అశ్వశక్తి ఎంత ఎక్కువైతే అంత లాభం, కాబట్టి డబ్బు ఎక్కువ ఉన్నవారిదే పైచేయి అవుతుంది. మట్టిపై ఇంజిను శక్తికి హద్దు టైరు పట్టు. పట్టు దొరకని చోట అదనపు శక్తి చక్రాన్ని ఊరికే గిరగిర తిప్పుతుంది తప్ప బైకును ముందుకు తోయదు. అందువల్ల పాత, చిన్న ఇంజిను కూడా చిన్న వలయంలో పోటీలో నిలుస్తుంది. చిన్న ఇంజిన్ల బైకులకు ఆ వలయంలో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేంత నిడివి కూడా ఉండదు.

బైకును సిద్ధం చేయడంలో మొదటి అంకం తీసివేతలదే. హెడ్‌లైటు, ఇండికేటర్లు, అద్దాలు, స్టాండు, ముందు బ్రేకు, మడ్‌గార్డులు పోతాయి. ఆ తర్వాత వెడల్పాటి హ్యాండిల్, గట్టి స్ప్రింగులు, ఎక్కువ పళ్లున్న వెనుక స్ప్రాకెట్ వస్తాయి. అక్కడి పోటీల్లో 19 అంగుళాల చక్రాలు ప్రమాణం. మన దేశంలో దశాబ్దాలపాటు తయారైన పాత బుల్లెట్టుకు ముందూ వెనుకా అదే కొలత చక్రాలు ఉండేవి. స్ప్లెండర్ వంటి 100 సీసీ బైకులవి 18 అంగుళాలు. 1985 నుంచి 1996 వరకు తయారై, నేటికీ తెలుగు రాష్ట్రాల్లో కొత్త బైకును మించిన ధర పలికే యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజిను 98 సీసీ, 11 అశ్వశక్తి. విప్పి బిగించడం తేలిక కావడం వల్ల ఒక తరం మెకానిక్కులకు అది పాఠ్యపుస్తకమైంది.

ఈ క్రీడ చరిత్రలో భారత్‌కు వర్తించే ఘట్టం ఒకటుంది. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా మోటార్‌సైకిల్ పరిశ్రమ కుదేలైనప్పుడు, కర్మాగారాలు ప్రత్యేకంగా తయారు చేసే ఖరీదైన రేసు యంత్రాలను నమ్ముకుంటే పోటీలే ఆగిపోతాయని అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ గ్రహించింది. ‘క్లాస్ సి’ పేరిట కొత్త నిబంధనలు తెచ్చింది. బజారులో అమ్మే బైకుపై ఆధారపడిన యంత్రమే ఉండాలి, దాని యజమానే పోటీదారు కావాలి. సైడ్ వాల్వ్ ఇంజిన్లకు 750 సీసీ, ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్లకు 500 సీసీ పరిమితి విధించింది. బైకును రోడ్డు మీద నడుపుకుంటూ వచ్చి, మైదానంలో లైట్లు విప్పి, పోటీ ముగిశాక మళ్లీ బిగించుకుని ఇంటికి పోయినవారు ఆ రోజుల్లో చాలామంది. 1954లో మొదలైన గ్రాండ్ నేషనల్ ఛాంపియన్‌షిప్‌కు పునాది ఈ ఔత్సాహికులే. నేడు అక్కడ ‘హూలిగన్’ అనే తుంటరి పేరుతో, కర్మాగారం ఇచ్చిన ఫ్రేము మార్చకుండా 750 సీసీ, అంతకు మించిన రోడ్డు బైకులను మట్టిపైకి దించే విభాగమూ ఉంది.

ఇందులో చెన్నైకి ఒక వాటా ఉండటం విశేషం. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో అమెరికాలో మహిళల కోసం ‘బిల్డ్ ట్రెయిన్ రేస్’ అనే కార్యక్రమం ప్రారంభించింది. పాల్గొన్నవారు చెన్నైలో తయారైన 650 సీసీ బైకును తమ చేతులతో ఫ్లాట్ ట్రాక్ యంత్రంగా మార్చుకుని, దానిపైనే పోటీకి దిగారు. అదే సంస్థ 2019లో భారత్‌లో ‘స్లైడ్ స్కూల్’ ప్రారంభించి, హిమాలయన్ ఆధారంగా రూపొందించిన ఎఫ్‌టీ 411 బైకులపై మట్టిలో జారే విద్యను నేర్పింది. అమెరికాలో బైకు కట్టేది పోటీదారు. ఇక్కడ కట్టిన బైకును సంస్థే ఇచ్చి నడపడం నేర్పింది. తేడా చిన్నదిగా కనిపించినా, సమస్య ఉన్నది అక్కడే.

చట్టం తెరిచిన సందు

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నిబంధనను కచ్చితంగా పాటించవలసిందేనని తేల్చిచెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన 182ఎ సెక్షన్, అనుమతి లేని ప్రతి మార్పునకు రూ.5,000 జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించే వీలు కల్పించింది. ‘ప్రతి మార్పునకు’ అన్న మాట గమనార్హం. ఫ్లాట్ ట్రాక్ కోసం సిద్ధం చేసిన బైకులో ఆ లెక్కన మార్పులు డజనుకు తక్కువ ఉండవు.

ఇక్కడితో ఆగితే దారులన్నీ మూసుకున్నట్లే. కానీ అదే చట్టం 2(28) సెక్షన్‌లో మోటారు వాహనాన్ని నిర్వచిస్తూ, రోడ్లపై వినియోగానికి ‘అడాప్ట్’ అయిన యాంత్రిక వాహనం అంటుంది. కర్మాగారంలో గానీ, మరే ఇతర మూసివున్న ప్రాంగణంలో గానీ మాత్రమే వాడటానికి అనువైన ప్రత్యేక తరహా వాహనాలను ఆ నిర్వచనం నుంచి మినహాయిస్తుంది. ‘అడాప్ట్’ అనే మాటను తెలుగులో ‘అనువైన’ అనాలా, ‘అనువుగా మార్చిన’ అనాలా అన్నది అనువాదకుల తగవు మాత్రమే కాదు. మొదటి అర్థంలో, రోడ్డు మీద నడవగలిగిన ప్రతి యంత్రమూ వాహనమే అవుతుంది. రెండో అర్థంలో, లైట్లూ అద్దాలూ ముందు బ్రేకూ లేని, రోడ్డుకు పనికిరాకుండా చేసిన యంత్రానికి ఊపిరి సలిపే చోటు దొరుకుతుంది. 1970ల మధ్యలో బొలానీ ఓర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను మొదటి అర్థంలోనే గ్రహించింది. అయినప్పటికీ, యజమాని ప్రాంగణానికే పరిమితమైన గనుల వాహనాలకు రహదారి పన్ను వర్తించదని చెప్పింది.

ఈ వాదానికి తాజా మలుపు ఆంధ్రప్రదేశ్ నుంచే వచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారం లోపలి సరుకు రవాణా యార్డులో మాత్రమే తిరిగిన వాహనాలపై రాష్ట్ర ప్రభుత్వం విధించిన మోటారు వాహన పన్ను చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రహరీ లోపల, అనుమతి ఉన్నవారికే ప్రవేశం ఉన్న ఆ యార్డు ‘బహిరంగ ప్రదేశం’ కాదన్నది తీర్పులోని కీలకాంశం. ఇది పన్ను వివాదంలో వచ్చిన తీర్పు. రేసు బైకుకు దీన్ని యథాతథంగా అన్వయించడం తొందరపాటు అవుతుంది. కానీ వాహనం తిరిగే చోటును బట్టి దానికి వర్తించే నిబంధన మారుతుందన్న సూత్రం ఇందులో స్పష్టంగా ఉంది. పందేలను నిషేధించే 189వ సెక్షన్ కూడా బహిరంగ ప్రదేశంలో, రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక సమ్మతి లేకుండా జరిగే పోటీలనే శిక్షార్హం చేస్తుంది. మొదటి తప్పుకు 3 నెలల వరకు జైలు లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ. పందెం అన్నంత మాత్రాన నేరం కాదు.

విపణిలో ఈ తేడాను ఇప్పటికే అంగీకరించారు. కవాసాకీ తన కేఎక్స్ శ్రేణి మోటోక్రాస్ బైకులను భారత్‌లో అమ్ముతోంది. వాటికి రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కే హక్కూ ఉండదు, కొన్నవారు మూసివున్న ట్రాక్‌పైనే నడుపుకోవాలి. లక్షలు పోసి కొన్న విదేశీ యంత్రానికి ఉన్న ఈ హోదా, పాత పల్సర్‌ను విప్పి కట్టిన యంత్రానికి ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నకు చట్టంలో సూటి జవాబు లేదు. మొదటిది పుట్టుకతోనే రోడ్డు వాహనం కాదు. రెండోది ఒకప్పుడు రోడ్డు వాహనం, దాని పేరిట ఒక రిజిస్ట్రేషన్ పుస్తకం ఉంది. వాహనం ధ్వంసమైనప్పుడో, శాశ్వతంగా పనికిరాకుండా పోయినప్పుడో రిజిస్ట్రేషన్ రద్దు చేసుకునే వీలును 55వ సెక్షన్ కల్పిస్తోంది. వాహనం బాగానే ఉండి రోడ్డుకు మాత్రం స్వస్తి చెప్పే స్థితిని ఆ సెక్షన్ ఊహించలేదు. బ్రిటన్‌లో 1998 నుంచి అమల్లో ఉన్న ‘ఎస్‌ఓఆర్‌ఎన్’ విధానం కింద, తన వాహనాన్ని రోడ్డుపైకి తీసుకురానని యజమాని ప్రకటించి పన్ను, బీమాల నుంచి మినహాయింపు పొందవచ్చు.

పెద్ద పోటీలు, చిన్న ఖాళీ

దేశంలో మోటారు క్రీడలు లేవని కాదు. మద్రాసు శివార్లలోని షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమాన పట్టీపై దశాబ్దాలపాటు రేసులు జరిగాయి. శ్రీలంకలో కటుకురుంద ట్రాక్ కూడా అలాంటి యుద్ధకాలపు విమానాశ్రయమే. షోలవరం తరం పోటీదారుల్లో చాలామంది తమ యంత్రాలను తామే కట్టుకున్నారు. దిగుమతులకు వీల్లేని రోజుల్లో వారికి మరో దారి లేదు. ఆ తర్వాత శ్రీపెరంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత ట్రాక్, 2003లో కోయంబత్తూరులో కారీ మోటార్ స్పీడ్‌వే, 2011లో గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ వచ్చాయి. ట్రాకులు మెరుగుపడిన కొద్దీ పోటీలు కంపెనీల చేతుల్లోకి వెళ్లాయి. 1994లో మొదలైన టీవీఎస్ వన్ మేక్ ఛాంపియన్‌షిప్, 2021లో వచ్చిన కాంటినెంటల్ జీటీ కప్ వంటి వాటిలో అందరికీ ఒకే రకం బైకు కంపెనీయే సమకూరుస్తుంది. పేదింటి ప్రతిభావంతుడికి ఇది మేలు చేసిన మాట నిజమే. నడిపే నైపుణ్యానికి అక్కడ విలువ ఉంది, కట్టే నైపుణ్యానికి చోటు లేదు.

జాతీయ డ్రాగ్ రేసింగ్ ఛాంపియన్‌షిప్ ఇందుకు కొంత మినహాయింపు. 130 సీసీ వరకు, 131 నుంచి 165 సీసీ వరకు టూ స్ట్రోక్ బైకులకు అక్కడ ప్రత్యేక విభాగాలు ఉండటంతో, ఉత్పత్తి ఆగిపోయిన ఇంజిన్ల నుంచి అదనపు శక్తి పిండే మెకానిక్కుల పేర్లు ఆ వర్గాల్లో రైడర్ల పేర్లతో సమానంగా వినిపిస్తాయి. కానీ తిన్నని దారిలో కొన్ని సెకన్ల పరుగు వేరు, మట్టి వలయం నేర్పే విద్య వేరు.

హైదరాబాద్ ఉదాహరణ మరీ విచిత్రం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరంలో 2.83 కిలోమీటర్ల నగర వీధుల్ని మూసివేసి ఫార్ములా ఈ పోటీ నిర్వహించారు. 2024లో జరగవలసిన రెండో విడత రద్దయింది. అదే నగరంలో రాయదుర్గం నాలెడ్జ్ సిటీ పరిసరాల వెడల్పాటి రోడ్లపై వారాంతపు రాత్రుల్లో పందేలు, విన్యాసాలు చేసే యువకులపై పోలీసులు పదేపదే కేసులు పెడుతున్నారు. ప్రపంచ స్థాయి పోటీకి నగరం నడిబొడ్డున దారి దొరికింది, శివారులో ఒక చిన్న మట్టి బరికి మాత్రం దొరకలేదు.

భద్రత అనే అసలు పరీక్ష

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ఈ మరణాలను పందేల ఖాతాలో వేయడం తప్పు. పందేలకు ట్రాక్ కట్టిస్తే రోడ్లు ప్రశాంతమవుతాయన్న వాదనా అంతే తేలికైనది. రాత్రి రోడ్డుపై పందెం కాసేవారిలో కొందరికి కావలసింది ప్రేక్షకులూ ప్రమాదమే. వారు మట్టి బరికి రారు. వచ్చేవారు వేరే ఉంటారు. వారికి యంత్రమంటే మక్కువ, దాన్ని పరీక్షించుకునే చోటు కావాలి. విధానం రూపొందించవలసింది వీరిని దృష్టిలో ఉంచుకునే.

ట్రాక్ ఉన్నంత మాత్రాన ప్రాణాలకు భరోసా రాదని ఇటీవలి ఘటనలు చెబుతున్నాయి. 2023 ఆగస్టు 5న చెన్నై సమీపంలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొన్న 13 ఏళ్ల బెంగళూరు బాలుడు బైకుపై నుంచి పడి మరణించాడు. అది అన్ని అనుమతులూ ఉన్న శాశ్వత ట్రాక్. 2024 ఏప్రిల్ 21న శ్రీలంకలోని దియతలావలో జరిగిన ఫాక్స్ హిల్ పోటీల్లో ఒక కారు ట్రాక్ తప్పి ప్రేక్షకుల్లోకి దూసుకెళ్లడంతో 7 మంది ప్రాణాలు కోల్పోయారు. ట్రాక్ అంచుకూ జనానికీ మధ్య దూరం, గట్టి అడ్డుగోడ అనేవి అలంకారాలు కావని ఆ దుర్ఘటన చూపింది. మట్టి బరి చిన్నది, వేగం తక్కువ అన్న ధీమాతో తాళ్లు కట్టి సరిపెట్టుకుంటే ఇక్కడా అదే జరగవచ్చు.

ఇంట్లో కట్టిన బైకు విషయంలో ఈ జాగ్రత్త ఇంకో అడుగు ముందుగా మొదలుకావాలి. విదేశీ ఔత్సాహిక పోటీల్లో ప్రతి యంత్రాన్నీ పోటీకి ముందు స్క్రూటినీర్లు అనే పరీక్షకులు క్షుణ్ణంగా చూస్తారు. హ్యాండిల్ మెడ దగ్గర వెల్డింగ్ అతుకుకు పగులు ఉందా, స్వింగ్ ఆర్మ్ బోల్టులో కదలిక ఉందా, ఇరుసు నట్టు బిగుతుగా ఉందా అని పరిశీలిస్తారు. యాక్సిలరేటరు వదిలిన వెంటనే దానంతటదే మూసుకోవాలి. ఇంజిన్ ఆయిల్ బోల్టును వదులు కాకుండా తీగతో కట్టాలి, లేకుంటే కారిన నూనె వెనుకవాడిని పడేస్తుంది. రైడరు చేతికి తాడుతో కట్టిన స్విచ్ ఉంటుంది. అతడు పడిపోగానే తాడు ఊడి ఇంజిను ఆగిపోతుంది. చైను, వెనుక స్ప్రాకెట్ కలిసే చోట వేళ్లు, కాళ్లు ఇరుక్కోకుండా కవచం ఉండాలి. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. కానీ ప్రతి అంశాన్నీ ఒక మనిషి కూర్చుని చూడాలి, బాగోలేదని చెప్పగలగాలి, చెబితే వెనక్కి పంపే అధికారం అతనికి ఉండాలి. వీధి చివరి వెల్డింగ్ షాపులో వేసిన అతుక్కి ఇలాంటి రెండో కన్ను పడటమే రోడ్డు బైకుకూ పందెపు బైకుకూ మధ్య అసలైన సరిహద్దు. జాతీయ పోటీల్లో ఈ వ్యవస్థ ఉంది. భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఆధ్వర్యంలో శిక్షణ పొందిన అధికారులూ ఉన్నారు. జిల్లా స్థాయి ఔత్సాహిక పోటీకి ఆ వ్యవస్థ దిగి రావాలంటే తక్కువ ఖర్చుతో ఒక రోజుకు చెల్లే లైసెన్సు, ఆ రోజుకు వర్తించే బీమా ముందుగా ఉండాలి.

నైపుణ్యం స్వరూపం మారుతున్నందున ఈ పనికి గడువూ ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో కార్బ్యురేటరు దాదాపు కనుమరుగై, ఇంధన సరఫరా కంప్యూటరు అదుపులోకి వెళ్లింది. ఆకురాయి పట్టిన చేతికి ల్యాప్‌టాప్ అవసరమైంది. పాత ఇంజిన్ల గుట్టు తెలిసిన మెకానిక్కుల తరం వయసు మళ్లుతోంది. ఇంజినీరింగ్ విద్యార్థులు 2007 నుంచి పీథంపూర్‌లో బాహా పోటీల కోసం నాలుగు చక్రాల వాహనాలను స్వయంగా రూపొందిస్తున్నారు. వారు కాగితంపై గీసిన గీతకూ, ఆ మెకానిక్కులు ఇనుముపై వేసిన అతుక్కూ ఉమ్మడి వేదిక అంటూ ఇప్పటికీ లేదు.

స్థలం విషయానికొస్తే, సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలకు నేల చదును చేసి, నీళ్లు చల్లి, రోలరుతో అణిచి, వేలమంది జనాన్ని కట్టడి చేయడం గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలకు కొత్త కాదు. 400 మీటర్ల మట్టి వలయానికి కావలసిన పనీ దాదాపు అదే. అదనంగా గట్టి అడ్డుగోడలు, రెండు అంబులెన్సులు, ఒక వైద్యుడు కావాలి. ప్రైవేటు స్థలంలో అయితే ఇళ్లకు దూరం, ధ్వని పరిమితి తప్పనిసరి షరతులు.

ఇవన్నీ సమకూరినా ఒక చిక్కు మిగులుతుంది. లైట్లు, నంబరు ప్లేటు లేని బైకు ట్రాక్‌కు నడుచుకుంటూ రాలేదు, మినీ ట్రక్కులో ఎక్కించి తేవాలి. దారిలో తనిఖీకి ఆపిన కానిస్టేబుల్‌కు అది దొంగ బైకా, నిబంధనలకు విరుద్ధంగా మార్చిన బైకా, పోటీ యంత్రమా అన్నది చూపే కాగితం యజమాని దగ్గర ఉండదు. ఛాసిస్ నంబరు, యజమాని పేరు, ‘రోడ్డు వినియోగానికి కాదు’ అన్న ముద్రతో రవాణా శాఖ ఇచ్చే ఒక ధ్రువపత్రం ఆ అనుమానాన్ని తీర్చగలదు. అదే బైకు మరుసటి వారం రోడ్డుపై దొరికితే కేసు పెట్టడానికీ ఆ పత్రమే సాక్ష్యమవుతుంది. అందుకు రవాణా నిబంధనల్లో ఒక కొత్త వర్గం చేర్చవలసి ఉంటుంది. 52వ సెక్షన్ జోలికి పోవలసిన అవసరం లేదు.